రాత్రి కాగితాలు

ఇస్త్రీ పని చేసుకుని బతికే అత్త ఇంటి డాబా. తీగల నిండా తెల్లబట్టలు. మూలన ఏడాదిగా నిలబడి ఉన్న గాలి కొలిచే మిషను, దాని కాళ్ళ దగ్గర పానా పట్టుకుని కూర్చున్న కొలతల అబ్బాయి. ఇక మాటలన్నీ వాళ్ళవే.

"...అడుగుతుంటే బోల్టుకేసి చూస్తావేంటబ్బాయ్? ఎంతొచ్చింది?"

"తుప్పు పట్టేసిందత్తా. కదలట్లేదు."

"బోల్టు సంగతి కాదు నేనడిగింది."

"కొంచెం నూనె ఉంటే ఇస్తావా?"

"ఇస్తా. నూనె ఉంది, టీ కూడా ఉంది. నీ పక్కనే పెట్టి పావుగంటైంది, పైన మీగడ కట్టింది. ఏడాది పొడుగునా పొద్దునోసారి, సాయంత్రమోసారి వచ్చావు. ఒక్కసారన్నా నా టీ వద్దన్నావా? ఇవాళేంటి, కడుపులో బాలేదా?"

"బానే ఉందత్తా. తాగుతా."

"తాగుతా, తాగుతా అంటూనే ఉన్నావు. సరే, దీన్ని ఊడదీస్తున్నావేంటి?"

"గడువైపోయింది. ఏడాది అన్నారు, ఏడాది అయింది. ఆఫీసుకి తీసుకెళ్ళిపోవాలి."

"అయ్యో! అయితే అల్లుడు వెళ్ళిపోతున్నాడన్నమాట."

"ఏ అల్లుడు?"

"ఇదేలే, నీ మిషనే. నా మనవరాలూ నేనూ దీన్ని అల్లుడంటాం. నీకు తెలీదు కదూ? మూలన నిలబడి పగలూ రాత్రీ హోరెత్తడమే కానీ ఒక్క పని చెయ్యడు. పైగా ఎవరూ ముట్టుకోకూడదు, మర్యాద తగ్గకూడదు. ఇల్లరికం అల్లుడు కాక ఇంకేంటి? నవ్వవేం? ఎప్పుడూ నా మాటలకి పళ్ళికిలిస్తావుగా."

"నవ్వుతున్నాగా."

"అది నవ్వా? పంటినొప్పేమో అనుకున్నా. సరే చెప్పు, ఎంతొచ్చింది? కాలనీ అంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది. కింద వాటా ఫిట్టరు పొద్దున్నించి రెండుసార్లు అడిగాడు. రిపోర్టు ఇవాళే కదా?"

"పొద్దున్న కమిటీలో పెట్టారత్తా."

"పెట్టేశారా! ఆ మాట మెట్లెక్కేటప్పుడే చెప్పొద్దూ? దొరికిపోయారా ఆ కరెంటు ప్లాంటువాళ్ళు?"

"అత్తా, ఆ మూల పట్టుకో. ఒరుగుతోంది."

"పట్టుకున్నా. దొరికారా, లేదా?"

"గట్టిగా పట్టుకో, కాలి మీద పడుతుంది."

"నా కాలు సంగతి నే చూసుకుంటాగానీ..."

"అమ్మమ్మా! అల్లుడు వెళ్ళిపోతున్నాడా?"

"వెళ్ళిపోతున్నాడే! నువ్వు పైకి రాకు. కింది మెట్టు మీదే కూర్చో. ఇదుగో, చూశావా అబ్బాయ్, ఆ నాలుగు మాటలకే ఎట్లా దగ్గుతోందో. రాత్రి మూడుసార్లు లేచి కూర్చుంది. నోట్లో మందు పఫ్ కొట్టడం, వీపు రాయడం, మళ్ళీ పడుకోబెట్టడం, మళ్ళీ లేవడం. దాని అమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి మా ఇద్దరికీ తెల్లారిపోతుంది. ఆ డాక్టరుదీ ఒకటే పాట, ఇల్లు మారండమ్మా, ఇల్లు మారండమ్మా అని. ఇల్లు మారడమంటే చొక్కా మార్చినట్టా? నా గిరాకీ అంతా ఈ నాలుగు వీధుల్లోనే ఉంది. కొత్త చోటికి పోతే నా చేతికి తెల్లచొక్కా ఎవడిస్తాడు?"

"నిజమే అత్తా."

"దానికో మాటిచ్చాలే. ఈ అల్లుడి లెక్క తేలి, ఆ ప్లాంటు గొట్టానికి రాత్రిపూట కూడా బూడిద ఆగిందంటే, మనిద్దరం డాబా మీద పడుకుందామే అని. ఏడేళ్ళొచ్చాయి, ఒక్క రాత్రి ఆరుబయట పడుకుని ఎరగదు. పక్క ఎక్కడేసుకోవాలో కూడా చూసి పెట్టుకుంది. అదుగో, ఆ నీళ్ళ ట్యాంకు పక్కన. నాకు అటువైపు, తనకి గోడవైపు అట."

"అత్తా..."

"ఊఁ."

"కూర్చో."

"ఇంతవరకూ నన్ను కూర్చోమన్నవాడెవడూ మంచి కబురు చెప్పలేదు. నిలబడే వింటా. చెప్పు."

"లోపలే వచ్చింది."

"దేని లోపల?"

"గీత లోపల. ఇంతవరకైతే ఫరవాలేదు అని ఒక గీత ఉంటుందిగా. ఏడాది మొత్తం సరాసరి తీస్తే దానికి కిందే ఉంది. గాలి బాగానే ఉందని రాశారు."

"ఎక్కడి గాలి?"

"మన గాలే. ఈ డాబా మీద గాలే."

"మళ్ళీ చెప్పు."

"అత్తా, ఊరుకో..."

"కాదు, మళ్ళీ చెప్పు, నాకు సరిగ్గా ఎక్కలేదు. చెప్పుల్లేకుండా ఇక్కడ పది అడుగులేస్తే అరికాళ్ళు మసైపోతాయి. పొద్దున్నే చీపురు పడితే చేటెడు బూడిదెత్తుతా. మధ్యాహ్నం ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా సాయంత్రం విప్పితే కాలరు దగ్గర నల్లచార. ఈ గాలి బాగుందా?"

"నేనన్నానా? కాగితాలన్నాయి."

"మరి ప్లాంటు?"

"ఇంకో పదిహేనేళ్ళు నడుపుకోమన్నారు. ఆ పాత బాయిలరు కూడా ఆపక్కర్లేదట. గొట్టంలో బూడిద పట్టే మిషనుందిగా, దాన్ని రాత్రిపూట కూడా నడపాలని మనం పెట్టిన అర్జీ... కొట్టేశారు."

"కొట్టేశారా?"

"కొట్టేశారు."

"మళ్ళీ పెడదాం. ఇంకో ఏడాది కొలవమందాం. అల్లుణ్ణి ఎక్కడికీ తీసుకెళ్ళకు, ఇక్కడే ఉండనీ. బిగించు. ఆ బోల్టు మళ్ళీ బిగించు."

"కుదరదత్తా. మళ్ళీ కొలవక్కర్లేదని అందులోనే రాసేశారు. ఒక కాలనీకి ఒకసారే. అందరూ సంతకాలు కూడా పెట్టేశారు."

"నువ్వూ పెట్టావా?"

"నా సంతకం ముందే ఉంది. కొలిచింది నేనేగా."

"ఓహో. కొలిచింది నువ్వే."

"అదేంటత్తా, అలా అంటావు?"

"ఎలా అన్నాను? ఉన్నమాటే అన్నా. మిషన్లో తెల్లకాగితం పెట్టేది నువ్వు, మసి పట్టాక తీసేది నువ్వు, కవర్లో వేసి పట్టుకుపోయేది నువ్వు. దారిలో ఏం చేశావో నాకేం తెలుసు? అందుకేనా టీ దిగట్లేదు గొంతులో?"

"అత్తా!"

"మార్చావు కదూ? నల్ల కాగితాలు పారేసి తెల్లవి పెట్టావు. ప్లాంటువాళ్ళు చెయ్యి తడిపితే పెట్టావు. ఏడాదిపాటు నా ఇంట్లో టీ తాగి, ఆ పిల్లకి బిస్కెట్లు తెచ్చి, నోరారా అత్తా అని పిలిచి..."

"మాట జారకు. నిన్ను బతిమాలుతున్నా, మాట జారకు."

"నిజం చెప్పు. మార్చావా?"

"నా కూతురి మీద ఒట్టు."

"ఆ పసిదాని మీద ఎందుకేస్తావు ఒట్టు?"

"ఎందుకంటే నాకంతకంటే ఏం లేదు కాబట్టి. దానికి పది నెలలు. నిన్న మొదటిసారి గోడ పట్టుకుని నిలబడింది. దాని మీద ఒట్టేసి చెప్తున్నా, ఒక్కటంటే ఒక్క కాగితం మార్చలేదు. నా చేత్తో పెట్టా, నా చేత్తో తీశా, తూచేటప్పుడు పక్కన ఇంకో ఇద్దరున్నారు. పొద్దున్న కమిటీలో లేచి నిలబడ్డా కూడా. అయ్యా, ఈ లెక్క నాకే నమ్మకంగా లేదు, ఒకసారి ఆ ఇంటికొచ్చి పిల్ల దగ్గు వినండి అన్నా."

"అన్నావా? నిజంగా?"

"అన్నా. మా పెద్దాయన చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు. ఆ కమిటీ ఆయన నవ్వి, ‘ఏమయ్యా, ఇవి నువ్వు తెచ్చిన కాగితాలే కదా’ అన్నాడు. ఏం చెప్పను? అవును, నేను తెచ్చినవే."

"పక్కకి చోటు కూడా చూసి పెట్టుకుంది అది..."

"ఏడవకత్తా."

"ఏడుపు కాదులే. కళ్ళు మండుతున్నాయి. మంచి గాలి కదా, అందుకు."

"పగటి కాగితాలు మురిగ్గానే ఉన్నాయి. పగటివరకే చూస్తే గీత దాటేవాళ్ళం. కొంప ముంచినవి రాత్రి కాగితాలు. సాయంత్రం పెట్టింది పెట్టినట్టే, పొద్దున్న తీస్తే తెల్లగా ఉండేది, నువ్వుతికిన చొక్కాలాగా. రెండూ కలిపి సరాసరి తీసేసరికి మొత్తం కిందికి దిగిపోయింది."

"రాత్రివి తెల్లగా ఉండటమేంటి? రాత్రే కదా అసలు సంగతి! ఫిట్టరు చెప్పలేదూ? చీకటి పడగానే ఆ బూడిద పట్టే మిషను కట్టేస్తారని, అది నడిస్తే వాళ్ళ కరెంటే తినేస్తుందని. చీకట్లో పొగ రంగు ఎవరు చూడొచ్చారు అని నవ్వుకుంటారట లోపల."

"తెలుసత్తా. అందుకేగా పట్టుబట్టి రాత్రి కాగితం విడిగా పెట్టించా."

"అయితే రాత్రిపూట ఎవడో పైకి వస్తున్నాడు."

"ఎవరొస్తారు? మెట్లు నీ గది ముందునించేగా."

"ఫిట్టరు! వాడు నైట్ డ్యూటీ దిగి ఏ వేళకి వస్తాడో నేను చూడబోయానా? వాడి జీతం అక్కడిదే. పొద్దున్నించి ఊరికే రెండుసార్లు అడిగాడా? ఎంతొచ్చింది, ఎంతొచ్చింది అని... ఉండు, ఇప్పుడే దిగి వాడి కాలరు పట్టుకుంటా. ఇస్త్రీ చేసి ఇచ్చిన చేత్తోనే నలిపేస్తా."

"ఆగు! అత్తా, ఆగు. ఫిట్టరు కాదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా మనకి లోపలి సంగతి చెప్పినవాడు అతనొక్కడే. పైగా అరవకు. ఎవరో మిషను జోలికొచ్చారని నువ్వు నోరెత్తితే నీ మెడకే చుట్టుకుంటుంది."

"నా మెడకెందుకు?"

"మొదటిరోజు నీ చేత షరతుల కాగితం మీద సంతకం పెట్టించా, గుర్తుందా? మిషనుకి కాపలా ఇంటివాళ్ళదే. ఎవరైనా చెయ్యి పెట్టారని తేలితే కేసు ఇంటివాళ్ళ మీదే పెడతారు. అర్జీ ఎలాగూ పోయింది, నువ్వు కూడా స్టేషను చుట్టూ తిరగాలా?"

"మరైతే ఎవరు? అల్లుడికి కాళ్ళొచ్చి రాత్రిపూట షికారుకెళ్ళొచ్చాడా?"

"నాకూ అర్థం కావట్లేదు. రెండు వారాల నుంచి నిద్రపట్టట్లేదు నాకు. ఒక్కటి మాత్రం... ఏమో, అది కూడా ఏం కాదులే."

"ఏంటది?"

"రాత్రి కాగితాల మీద అప్పుడప్పుడు సన్నగా నూగు కనపడేది. నీలం నూగు. తీగల మీద బట్టలదేలే అని ఊరుకున్నా."

"నా తీగల మీద నీలం ఎక్కడిదబ్బాయ్? స్కూలు చొక్కాలు, ఆస్పత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు. అన్నీ తెల్లవే. రంగు బట్ట నేను ముట్టుకోను, అది ఇంకొకళ్ళ పని."

"అదే నాకూ తట్టలేదు ముందు."

"పోనీలే. నూగు సంగతి ఇప్పుడెవడికి కావాలి? ఇంతకీ... తప్పైపోయిందబ్బాయ్. నోటికొచ్చింది అనేశా. పసిపిల్ల మీద ఒట్టు వేయించా. నా నోరు పడిపోను."

"అలా అనకత్తా. నీ బాధ నాకు తెలీదా?"

"ఎవరి మీదో ఒకళ్ళ మీద పడాలిగా. ప్లాంటు గేటు దగ్గరికి పోయి అరిస్తే సెక్యూరిటీవాడు వినడు. నువ్వు వింటావు, అందుకని నీ మీద పడ్డా. ఆ టీ పారబోస్తా, వేడిగా ఇంకోటి పెట్టుకొస్తా. తాగకుండా వెళ్ళావంటే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

"ఈసారి వద్దత్తా. ఆటో కింద నిలబడి ఉంది. ఒక తాడుంటే చాలు, కట్టేసుకుని దిగిపోతా."

"తాడొకటే కట్టి తీసుకుపోతావా? దారంతా బొగ్గులారీలు. ఆఫీసుకెళ్ళేసరికి అల్లుడి మొహం చూడలేం. ఉండు, దాని దుప్పటి తెస్తా."

"దాని దుప్పటేంటి?"

"ట్యాంకు వెనకాలే ఉంది. ఉండు."

అత్త వెళ్ళి, మడిచిన దుప్పటి ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. చొక్కా మడిచినంత పొందిగ్గా ఉంది ఆ మడత.

"ఇదుగో. దీంట్లో చుట్టు. దానికి అలవాటే."

"...నీలం."

"నీలమే. నీలమైతే మాపు కనపడదని చిన్నది ఏరింది. ఏంటలా చూస్తావు? ఉతికిందే."

"అత్తా, దీంతో ఏం చేస్తావు?"

"కప్పుతా."

"దేనికి?"

"దేనికంటావేంటి? అల్లుడికి. సాయంత్రం నువ్వు కాగితం పెట్టి అటు మెట్లు దిగడం, ఇటు నేను తెల్లబట్టలన్నీ తీసి లోపలెయ్యడం, దీనికి ఈ దుప్పటి కప్పడం. ఆ పైనున్న రేకు టోపీ వానకి ఆగుతుందేమో కానీ బూడిదకి ఆగుతుందా? పక్కల్నించి దూరిపోదూ? అందుకని కాళ్ళదాకా దించి తాడుతో బిగించి కట్టేదాన్ని. పొద్దున్న నువ్వొచ్చే వేళకి తీసి, దులిపి, మడిచేసేదాన్ని."

"ఎప్పట్నించి?"

"ఎప్పట్నించేంటి, మొదటిరోజు నించే. నువ్వేగా మూతతీసి చూపించావు, లోపల తెల్లకాగితం ఉంటుందత్తా అని. తెల్లటిదాన్ని రాత్రంతా ఈ డాబా మీద వదిలేస్తే ఇంకేమన్నా ఉందా? నలభై ఏళ్ళ పని నాది. తెల్లది కనపడితే ఈ చేతులు ఊరుకోవు."

"రోజూనా?"

"ఒక్కరోజు మానితే ఒట్టు. నాకు జ్వరమొచ్చి లేవలేని నాలుగురోజులూ చిన్నదాన్ని పంపించా. ముక్కుకి రుమాలు కట్టుకుని, స్టూలెక్కి, కప్పేసి వచ్చింది పాపం. వచ్చాక అరగంట దగ్గింది. నేను ఎప్పుడన్నా మర్చిపోతానేమో అని అదే గుర్తు చేసేది. అమ్మమ్మా, అల్లుడికి కూడా దగ్గొస్తుందేమో, కప్పావా అని."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఇదీ ఒక పనేనా చెప్పుకోవడానికి? నీ సామాను జాగ్రత్తగా చూసుకుంటున్నా అని డప్పు కొట్టుకోనా? అయినా మిషన్ని నేను ఆపలేదబ్బాయ్, ఆమాత్రం తెలీదా నాకు? దుప్పటి కింద హోరు వినపడుతూనే ఉండేది. పీల్చేది పీలుస్తూనే ఉంది. వారానికోసారి ఈ దుప్పటి ఉడకేస్తే ఆ నీళ్ళు చూడాలి నువ్వు, తారు కలిపినట్టు. ఎన్నిసార్లు జాడించినా... అబ్బాయ్? కూర్చుండిపోయావేం?"

"ఏం లేదత్తా. పానా కింద పడింది, తీసుకుంటున్నా."

"మొహం అలా పాలిపోయిందేం? మంచినీళ్ళు తేనా?"

"వద్దు."

"నీలం నూగన్నావు కదూ ఇందాక."

"ఏదో అన్నాలే."

"ఈ దుప్పటి నూగే అయ్యుంటుంది. ఇదొక్కటే నీలం ఈ డాబా మీద... అబ్బాయ్, ఆ నీళ్ళు. వారం వారం నేను పారబోసిన ఆ నల్లనీళ్ళు."

"అత్తా, తాడివ్వు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు."

"కొట్టనీ. ఆ నలుపంతా దుప్పటికి పట్టిందంటే... మరి లోపల కాగితానికేం పట్టినట్టు?"

"నువ్వు లేనిపోనివి ఆలోచించకు."

"పగటివి మురికి, రాత్రివి తెల్లన. పగలు కప్పను, రాత్రి కప్పుతా. నేనే కదా కప్పేది. నేనూ, చిన్నదీ."

"అమ్మమ్మా! అల్లుడి దుప్పటి కూడా ఇచ్చేస్తున్నావా?"

"నువ్వుండవే, తల్లీ! అక్కడే ఉండు. అబ్బాయ్, ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు. నేనేనా? నేను కప్పబట్టేనా ఇదంతా? దాని గొంతు నేనే నులిమానా, దాని చేత్తోనే..."

"కాదత్తా."

"నేలకేసి చూసి కాదు. ఇటు చూసి చెప్పు."

"చూసే చెప్తున్నా. దుప్పటికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మిషనుకి అడుగున ఇంకో గొట్టం ఉంటుంది, గాలి అక్కణ్ణించి పీలుస్తుంది. నువ్వు పది దుప్పట్లు కప్పినా ఏం కాదు. మంచిపనే చేశావు."

"మరి రాత్రి కాగితాలు ఎందుకు తెల్లగా ఉన్నాయి? ఎందుకున్నాయి చెప్పు! నాకు కారణం కావాలి. కారణం లేకపోతే ఆ పిల్ల మొహం ఎలా చూడను నేను?"

"ఇందాక నువ్వన్నదే నిజమత్తా."

"నేనేమన్నాను?"

"కాగితాలు మార్చానని."

"పది నెలల పసిదాని మీద ఒట్టేశావు కదరా!"

"వేశానత్తా. అయినా మార్చింది నేనే."